పాత కారుకు కొత్త ఆక్సిల్

పాత కారు వెనక ఆక్సిల్ నడుమ ఉబ్బుగా కనిపించే భాగంలోనే ఆ బండి నడక తేలిపోతుంది. దాని పేరు డిఫరెన్షియల్. షెడ్డులో నోరు తిరిగినట్టు డిఫెన్షియల్ అంటారు. లోపల పెద్ద పళ్లచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. క్రౌన్‌కు 39 పళ్లు, పినియన్‌కు 8 పళ్లు ఉంటే నిష్పత్తి 4.875. గేర్‌బాక్సు నుంచి పినియన్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు దాదాపు అయిదు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట. ఈ అంకె ఎంత పెద్దదైతే బండి అంత బలంగా లాగుతుంది, అంత నెమ్మదిగా పోతుంది.

గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు చాలా ఏళ్లు టాక్సీ అంటే అంబాసిడరే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ దాన్ని కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1950ల చివర తయారుచేయడం మొదలుపెట్టి 2014లో ఆపేసింది. పాత పెట్రోలు బండి ఇంజను 1489 సీసీ, బలం 50 గుర్రాల చిల్లర. దానిలోకి ఏడెనిమిది మంది ఎక్కి, డిక్కీలో మిరప టిక్కీ కూడా వేసుకుని, వానకు జారే నల్లరేగడి డొంకలో దిగితే ఆ చిన్న ఇంజనుకు పెద్ద నిష్పత్తే దిక్కు.

తర్వాత రోడ్డు మారింది. చిలకలూరిపేట నుంచి గుంటూరు మీదుగా బెజవాడ పోయే పాత 5వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు 16వ నంబరు. దాని మీద 80 కిలోమీటర్ల వేగంతో పోవడం పెద్ద విషయం కాదు. అంబాసిడర్ చక్రం ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు కదులుతుంది కాబట్టి ఆ వేగంలో నిమిషానికి 635 చుట్లు తిరగాలి. నిష్పత్తి 4.875 అయితే టాప్ గేరులో ఇంజను 3,095 చుట్లు తిరుగుతుంది. అదే 3.9 అయితే 2,476 చాలు. గోల తగ్గుతుంది, ఇంజను వేడి తగ్గుతుంది, పెట్రోలు కూడా కొంత మిగులుతుంది. ఆక్సిల్ మార్పిడికి అసలు ఆశ ఇదే. పాత క్రౌన్ పినియన్ జత దొరక్కపోవడం రెండో కారణం.

లాభం ఊరికే రాదు. 4.875 నుంచి 3.9కి దిగితే ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగే బలం అయిదో వంతు పోతుంది. హైవే మీద హాయిగా సాగిన బండి కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఒక గేరు ముందే దించమంటుంది. 1990లలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టినప్పుడు కంపెనీ దానికి అయిదు గేర్ల పెట్టె జతచేసింది. ఎక్కడానికి కింది గేర్లు, పరుగుకు అయిదో గేరు. ఆక్సిల్ జోలికి పోకుండా కూడా ఈ చిక్కు విప్పవచ్చని దాన్ని చూస్తే తెలుస్తుంది.

అయినా ఆక్సిలే మార్చాలనుకుంటే ముందు టేపు తియ్యాలి. హబ్బు నుంచి హబ్బుకు వెడల్పు ఒక అంగుళం ఎక్కువైనా టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. చక్రం బోల్టుల మధ్య దూరం కలవకపోతే స్టెప్నీ ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి మోయాలి. కమాన్ కట్టలు కూర్చునే పీటలు కొత్త ఆక్సిల్ మీద సరిగ్గా పాత కొలతకే రావాలి. చాలాచోట్ల వాటిని కోసి మళ్లీ వెల్డింగు చేస్తారు. పని చెడేది కూడా ఎక్కువగా అక్కడే. ఒకే చోట ఆగకుండా వెల్డింగు పెడితే వేడికి గొట్టం వెంట్రుకవాసి వంగుతుంది. కంటికి కనపడదు, కానీ కొన్నాళ్లకు ఆయిల్ సీలు కారుతుంది, బేరింగు అరుస్తుంది. కొంచెం కొంచెంగా, అటూ ఇటూ మార్చుకుంటూ, చల్లారనిస్తూ పెట్టాలి. ఆ పీటల వాలు కూడా ముఖ్యమే. గేర్‌బాక్సు వెనక కొస, పినియన్ కొస ఒకదానికొకటి సమాంతరంగా ఉండకపోతే షాఫ్టు కొసల్లోని క్రాసులు తొందరగా అరిగి, వేగం పెరిగేకొద్దీ సీటు కింద అదురు పుడుతుంది.

జీపుతో చిక్కు వేరు. మహీంద్రా 1947 నుంచి విల్లీస్ జీపులు బిగించి అమ్మింది. తర్వాత వచ్చిన సీజే3బి నిష్పత్తి 5.38, అంటే 43 పళ్లకు 8. దాని డిఫరెన్షియల్ నడిమధ్యలో ఉండదు, కుడివైపుకు జరిగి ఉంటుంది. ముందు చక్రాలకు కూడా శక్తి పంచే పెట్టె నుంచి షాఫ్టు ఆ పక్కనే బయటికి వస్తుంది మరి. ఉబ్బు మధ్యలో ఉన్న ఆక్సిల్ తెచ్చి దీని కింద పెడితే షాఫ్టు అడ్డంగా వాలిపోతుంది. పైగా ముందు ఆక్సిల్ పాత నిష్పత్తిలోనే ఉండి వెనకది మాత్రం మారితే ఫోర్ వీల్ వేసిన మరుక్షణం రెండూ పోట్లాడుకుంటాయి. మార్చితే రెండూ మార్చాలి.

బ్రేకులను చాలామంది చివర గుర్తు చేసుకుంటారు. కొత్త ఆక్సిల్‌తో పెద్ద డ్రమ్ములు, వేరే సైజు వీల్ సిలిండర్లు వస్తే వెనక చక్రాలు ముందుగా పట్టేసి తడి రోడ్డు మీద బండి పక్కకు తిరుగుతుంది. హ్యాండ్ బ్రేకు కేబులు పొడవు కూడా కుదరాలి. స్పీడు మీటరు గేర్‌బాక్సు కొస నుంచి నడిచే బండ్లలో అంకె కూడా తప్పుతుంది. 4.875 తీసి 3.9 పెడితే 80లో పోతున్నప్పుడు ముల్లు 64 చూపిస్తుంది. కెమెరా ముందు ఆ ముల్లు సాక్ష్యం చెల్లదు.

చట్టం సంగతీ చూసుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే సమర్థించింది. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి పెట్టుకోవడం మేలు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ నమోదు కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చిన బండి ఆ లెక్కలోకి రాదు. కమాన్ కట్టల కోసం బాడీకి కొత్త పట్టీలు అతికించాలనుకునేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి. పాత హౌసింగును అలాగే ఉంచి లోపలి క్రౌన్ పినియన్ జతను మాత్రమే మార్చే వీలుంటే అదే తక్కువ తంటా.

జత మార్చినా, మొత్తం ఆక్సిల్ మార్చినా లోపలి సెట్టింగు ఓపిక పని. క్రౌన్ పళ్లకు నీలం రంగు పూసి చేత్తో తిప్పితే పినియన్ పళ్లు ఎక్కడ తగులుతున్నాయో మచ్చ పడుతుంది. మచ్చ పంటి మధ్యలో పడాలి. కొసకో మొదటికో జరిగితే పలుచని షిమ్ములు వేసి తీసి సరిచేస్తారు. పళ్ల మధ్య ప్లే మరీ తక్కువైతే వేడెక్కి కాలిపోతాయి, ఎక్కువైతే గేరు మార్చినప్పుడల్లా వెనక టక్కుమంటుంది. ఈ రకం పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ రాసుకుంటాయి కాబట్టి జీఎల్-5 రకం 90 నంబరు ఆయిలే పొయ్యాలి.

మొదటిసారి పది కిలోమీటర్లు నడిపి ఆపి, డ్రమ్ములకూ నడిమి ఉబ్బుకూ అరచెయ్యి దగ్గరగా పెట్టి చూస్తారు. రెండు పక్కలా వెచ్చదనం సమానంగా ఉండాలి. ఒక పక్క సెగ ఎక్కువైతే బేరింగు బిగువైనా కావాలి, బ్రేకు పట్టి ఉండనైనా ఉండాలి. 500 కిలోమీటర్ల తర్వాత ఆయిలు తీసి శుభ్రమైన గుడ్డ మీద వడకడతారు. బూడిదరంగు పొడి కొంచెం ఉంటే కొత్త పళ్లు ఒకదానికొకటి కుదురుకున్నట్టు. మెరిసే రజను కనిపిస్తే మాత్రం హౌసింగు మళ్లీ విప్పాల్సిందే.