గుట్టు నిలిస్తేనే గడప తొక్కుతారు

ఉగాది సంచికలో ఈ విషయమేమిటని కొందరు పెద్దలు ముఖం చిట్లించవచ్చు. పచ్చడిలో వేపపువ్వు కూడా ఉండాలి కదా! బ్రిటన్‌లో పెరుగుతున్న మన పిల్లలకు సంబంధించిన మాట గనుక కొంచెం ఓపికగా చదవమని మనవి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కానీ పదిహేనేళ్ళ వయసులో వచ్చే కొన్ని సందేహాలు అమ్మను అడగలేనివే. అలాంటి వారి కోసమే ఈ దేశంలో ప్రత్యేక కేంద్రాలు వెలిశాయి. హెలెన్ బ్రూక్ గారు 1964లో లండన్‌లో పెళ్ళికాని యువతుల కోసం సలహా కేంద్రం తెరిచారు. ఆ పేరుతోనే సంస్థ పెరిగింది.

అయితే తలుపు తెరిచినంత మాత్రాన యువత లోపలికి రారు. ఇంటికి ఉత్తరం వస్తుందేమో, ఫ్యామిలీ డాక్టరు నాన్నకు చెబుతాడేమో, అక్కడ తెలిసినవాళ్ళు కనబడతారేమో అని భయం. అందుకే కార్యకర్తలే కాలేజీలకు, యూత్ క్లబ్బులకు వెళ్తారు. అక్కడా స్నేహితుల ముందు నోరు విప్పడానికి సిగ్గే. పైగా క్లమీడియా వంటి సుఖవ్యాధి చాలామందిలో ఏ లక్షణమూ చూపదు. మందులతో నయమయ్యేదే అయినా, పట్టించుకోకపోతే ఆడపిల్లలకు ముందు ముందు సంతానం కలగడం కష్టం కావచ్చు. ఒంట్లో బాగానే ఉన్నవారిని పరీక్షకు ఒప్పించడం ఎంత కష్టమో ఊహించండి!

అన్నిటికన్నా పెద్ద చిక్కు గోప్యత. పదహారేళ్ళ లోపు పిల్లలకు తల్లిదండ్రులకు తెలియకుండా గర్భనిరోధక సలహా ఇవ్వరాదని విక్టోరియా గిల్లిక్ అనే తల్లి కోర్టుకెక్కారు. 1984 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఆ తరువాత ఆ వయసు పిల్లలు క్లినిక్కులకు రావడం తగ్గిపోయింది. రావడం మానినంతలో అవసరం తీరిపోదు కదా! 1985 అక్టోబరులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తీర్పును తిరగరాసింది. విషయం అర్థం చేసుకోగల పరిపక్వత ఉంటే డాక్టరు సలహా ఇవ్వవచ్చు. కాని ఇంట్లో చెప్పమని ముందు నచ్చజెప్పాలి. పిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం గుట్టు దాచరు. ఆ సంగతి ముందే వారికి చెబుతారు.

ఇక డబ్బు సంగతి. 1999లో ప్రభుత్వం పదేళ్ళ ప్రణాళిక వేసి, బడిలో బోధన, యువతకు అనువైన క్లినిక్కులు కలిపి నడిపింది. ఇంగ్లండు, వేల్సులలో 1998లో పద్ధెనిమిదేళ్ళలోపు బాలికల్లో వెయ్యికి సుమారు 47గా ఉన్న గర్భధారణలు 2014 నాటికి 23కు దిగాయి. ఇది ఏళ్ళ తరబడి పట్టువిడవక చేసిన పని. ఒక వారం ప్రచారం చేసి, గ్రాంటు అయిపోగానే మూటకట్టుకుంటే పిల్లల నమ్మకం నిలవదు. 2015 తరువాత ప్రజారోగ్య నిధుల్లో పడిన కోతలు ఇలాంటి సేవలనూ తాకాయి.

ఇంగ్లండులో 2020 సెప్టెంబరు నుంచి హైస్కూళ్ళలో ఈ బోధన తప్పనిసరి. లైంగిక విద్య పాఠాల నుంచి బిడ్డను తప్పించమని కోరే హక్కు తల్లిదండ్రులకు చాలావరకు ఉంది. ఆ ఉత్తరం రాసే ముందు పాఠంలో ఏముందో బడివారిని అడిగి చూడండి.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల” అని మనం పిల్లలకు చెబుతూనే ఉంటాం. మంచి మాటే. దానితోపాటు “ఎప్పుడైనా అవసరమైతే క్లినిక్‌కు వెళ్ళు, నేను కోప్పడను” అని ఒక్కసారి చెప్పి చూడండి. కార్యకర్తలు ఏళ్ళపాటు శ్రమించినా ఇవ్వలేని ధైర్యం ఆ ఒక్క మాటతో రావచ్చు.