యంత్రముల మధ్య ఒడంబడిక

బళ్ళారిలోని తెలుగువారిలో పలువురికి బంధువులు ఆదోనిలోను, రాయదుర్గములోను కలరు. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరగా, ఆ రెండు తాలూకాలును ఆంధ్రమున చేరినవి. నేడు ఇచ్చట ఒక బాలిక "అమ్మమ్మా, పండుగకు వచ్చుచున్నాము" అని తెలుగున వ్రాసి పంపినచో, క్షణములో అది ఆదోనిలో కనబడుచున్నది. నడుమనున్న యంత్రములకు తెలుగు రాదు, కన్నడము రాదు, ఇంగ్లీషును రాదు. మరి అక్షరము చెడక యెట్లు చేరుచున్నది?

యంత్రమునకు తెలిసినవి అంకెలు మాత్రమే. కావున మొదట అక్షరమును అంకెగా మార్చవలెను. ఏ అక్షరమునకు ఏ అంకెయో లోకమంతటికిని ఒకే విధముగా నిర్ణయించిన పట్టికకు యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన దాని తొలి కూర్పునందే మన లిపికి స్థానము లభించినది. అందు తెలుగు అకారము సంఖ్య 3077. కన్నడ అకారము సంఖ్య 3205. తెలుగు కకారము 3093. కన్నడ కకారము 3221. రెంటను భేదము 128. భారతీయ లిపులను ఒకే వరుసలో అమర్చిన మన దేశపు ఇస్కీ పద్ధతిని అనుసరించుటచే ఈ సామ్యము కలిగినది. ఒకే మూలమునుండి పుట్టిన ఈ రెండు లిపులును పట్టికలో సైతము ఇరుగుపొరుగు ఇండ్లలోనే ఉన్నవి.

"తెలుగు" అనునది మనకు మూడక్షరముల మాట. యంత్రమునకు మూడు హల్లులును, మూడు గుణింతపు గుర్తులును కలిసి ఆరు సంకేతములు. 1992లో రూపొందిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడేసి బైట్లు. వెరసి 18 బైట్లు.

ఇక ప్రయాణము. యంత్రములు పరస్పరము పాటించు నియమావళికి ప్రోటోకాల్ అని పేరు. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు 1974లో ప్రకటించిన పద్ధతినుండి టీసీపీ, ఐపీ అను నియమములు ఏర్పడినవి. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ వీనిని స్వీకరించినది. మన దేశమున 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ సామాన్య ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది.

పంపవలసిన సమాచారము పెద్దదైనచో దానిని ముక్కలు చేయుదురు. ప్రతి ముక్కపైనను పంపు యంత్రము, అందుకొను యంత్రముల చిరునామాలుండుట ఐపీ నియమము. తపాలా ఉద్యోగి కవరుపై చిరునామా చూచునేగాని లోపలి ఉత్తరము చదువడు గదా! దారిలోని యంత్రములును అట్లే. ముక్కలు వేర్వేరు దారుల పోవచ్చును, వెనుకముందులుగా చేరవచ్చును, కొన్ని దారిలో పోవచ్చును. అందులకే టీసీపీ. మొదట ఒక యంత్రము "వినుచున్నావా?" అనును. రెండవది "వినుచున్నాను, నీవును వినుచున్నావా?" అనును. మొదటిది "వినుచున్నాను" అనును. పిదపనే సమాచారము బయలుదేరును. వరుస సంఖ్యలనుబట్టి ముక్కలను కూర్చుదురు. అందినట్లు రసీదు రానిచో ఆ ముక్కను మరల పంపుదురు.

ఒకప్పుడు మేము ఒక ప్రశ్నపత్రమును పాతరకపు తెలుగు ఫాంటులో టైపు చేసి మరియొక ఊరికి పంపితిమి. ఆ ఫాంటు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములను తొడిగినట్టిది. అది లేని ఆ ఊరి యంత్రముపై మా ప్రశ్నలు అర్థములేని ఇంగ్లీషు అక్షరములుగా కనబడినవి. ఒక్క బైటైనను పోలేదు; దారి తన మాట నిలుపుకొన్నది. ఏ అంకె ఏ అక్షరమో అను విషయమున మాత్రము ఇరుకొనలకును ఒడంబడిక లేకపోయినది. కావున దారికొక ఒడంబడిక, అక్షరమునకొక ఒడంబడిక, రెండును ఉండవలెను.

నేడు ఆ రెండును ఉన్నవి. అయినను మన పిల్లలు ఇంటికి వ్రాయునపుడు తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో వ్రాయుచుండుట చూచుచున్నాము. యంత్రము ఇపుడట్లు కోరుటలేదు. సరిహద్దున కిటునున్న మనకు తెలుగు వ్రాయు అవకాశములే తక్కువ, ఉన్నవానిని జారవిడువరాదు. నేటి సాయంకాలము మీ అవ్వకో తాతకో నాలుగు వాక్యములు తెలుగు లిపిలో వ్రాసి పంపుడు.