విమానం ఇంజను లావెక్కింది, ఇంధనం ఎలా తగ్గింది?

మన ఇళ్లలో విమానం ఎక్కడం ఇప్పుడు వింత కాదు. బెంగళూరు నుంచి విశాఖలో పెళ్లికి వెళ్లాలన్నా, రైల్లో బెర్తు దొరక్కపోతే విమానమే దిక్కు. కొత్త విమానాలు పర్యావరణానికి తక్కువ హాని చేస్తాయని ప్రకటనలు వస్తున్నాయి. అది ఎంతవరకు నిజమని మా సంఘం సభ్యులు అడుగుతూ ఉన్నారు. బెంగళూరులోని ఇంజను డిజైను కేంద్రాల్లో ఉద్యోగాలు చేసే మన పిల్లలూ ఉన్నారు కనుక, ఈ సంగతి పెద్దలమూ తెలుసుకోవడం మంచిది.

ముందు లెక్క చూద్దాం. 1 కిలో విమాన ఇంధనం కాలితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఇంధనంలోని కార్బన్‌తో గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది, అందుకే బరువు పెరుగుతుంది. దీన్ని తగ్గించాలంటే తక్కువ ఇంధనం కాల్చాలి, లేదా ఇంధనాన్నే మార్చాలి. ఇంజను డిజైనర్ల పని మొదటిది.

గోదావరిలో పడవ నడిపేవారికి తెలిసిన కిటుకే ఇక్కడా ఉంది. సన్న కర్రతో గబగబా కొట్టేకన్నా వెడల్పు తెడ్డుతో నిదానంగా నెడితే శ్రమ తక్కువ. ఇంజను కూడా గాలిని వెనక్కి నెట్టే ముందుకు పోతుంది. కొంచెం గాలిని అతి వేగంగా చిమ్మితే శక్తి చాలా వృథా అవుతుంది, చెవులు చిల్లులు పడే మోత కూడా వస్తుంది. ఎక్కువ గాలిని తక్కువ వేగంతో నెడితే అదే పని తక్కువ ఇంధనంతో జరుగుతుంది. 1960ల నాటి ఇంజన్లలో లోపల మంటలోకి పోయే గాలి 1 వంతయితే, చుట్టూ పోయేది కూడా దాదాపు 1 వంతే. తర్వాత తరంలో అది 5, 6 వంతులైంది. ఇప్పటి ఎయిర్‌బస్ ఎ320 నియో ఇంజన్లలో 11, 12 వంతులు. ముందు కనబడే ఫ్యాను పెద్దదైంది అందుకే.

కానీ ఇక్కడొక చిక్కు. పెద్ద ఫ్యాను నిదానంగా తిరగాలి, దాన్ని తిప్పే టర్బైను వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది. ప్రాట్ అండ్ విట్నీ వారు ఈ రెంటికీ మధ్య గేరు పెట్టారు. టర్బైను సుమారు మూడు చుట్లు తిరిగితే ఫ్యాను ఒక చుట్టు తిరుగుతుంది. ఫ్యానును ఎంతైనా పెంచడానికీ లేదు. బోయింగ్ 737 నేలకు దగ్గరగా ఉంటుంది కనుక దాని కొత్త ఇంజను ఫ్యాను 69 అంగుళాలే. ఎ320 నియోకు అదే లీప్ రకం ఇంజనులో 78 అంగుళాలు పట్టింది.

రెండో మార్గం, లోపలి మంటను మరింత వేడిగా, మరింత ఒత్తిడిలో మండించడం. టర్బైను రేకుల లోహం కరిగే వేడికి మించిన వాయువు వాటి మీదుగా పోతుంది. రేకుల్లోని సన్నని దారుల గుండా గాలి పంపి వాటిని కాపాడతారు. అయితే వేడి పెరిగితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. ఒకటి తగ్గిస్తే మరొకటి పెరిగే ఈ తగాదాను తీర్చడానికే ఇంధనం, గాలి కలిసే తీరును కూడా మార్చవలసి వచ్చింది.

లాభమెంత? పాత తరంతో పోలిస్తే సుమారు 15 శాతం ఇంధనం ఆదా. పాత ఎ320 గంటకు రెండున్నర టన్నులు కాలుస్తుందనుకుంటే, గంటకు 375 కిలోలు మిగులుతుంది. అంటే దాదాపు 1,185 కిలోల కార్బన్ డయాక్సైడు తగ్గినట్టు. 180 సీట్లకు పంచితే మనిషికి గంటకు ఆరున్నర కిలోలు.

ఈ ఆదాకు మూల్యం కూడా ఉంది. గేరు ఇంజన్ల భాగాల్లో వాడిన లోహపు పొడిలో మలినం ఉందని 2023లో బయటపడింది. మన దేశంలోనూ పదుల విమానాలు నేలకు పరిమితమయ్యాయి. ఇంజన్ల సమస్యే కారణమని చెప్పి గో ఫస్ట్ సంస్థ అదే ఏడాది మే నెలలో విమానాలు నిలిపివేసింది. తక్కువ తాగే ఇంజను ఎక్కువ కాలం మన్నాలి కూడా. లేకపోతే పాత విమానాలే మళ్లీ ఎగురుతాయి.

ఇంకో మాట. ఒక్కో విమానం తక్కువ కాల్చినా, విమానాల సంఖ్య పెరిగితే మొత్తం తగ్గదు. ఇంజనుకు చుట్టూ తొడుగు తీసేసి, ఫ్యానును బయటే ఉంచి మరో 20 శాతం ఆదా చేయాలని సీఎఫ్ఎం సంస్థ 2021లో పని ప్రకటించింది. అది ప్రయాణికులకు అందాలంటే చాలా ఏళ్లు పడుతుంది. అందుకే ఇంధనం మార్చే ప్రయత్నమూ సాగుతోంది. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం హరిత ఇంధనం కలపాలన్నది మన దేశ లక్ష్యం. వాడేసిన వంటనూనెతోనూ దీన్ని తయారు చేయవచ్చు.

కనుక ప్రకటన అబద్ధం కాదు, అలాగని పూర్తి సమాధానమూ కాదు. ఇంజను చేయగలిగింది ఇంజను చేస్తోంది. బెంగళూరు నుంచి చెన్నైకి రైల్లో వెళ్లడం మాత్రం మన చేతిలో పని. ఇంజనీరింగు చదివే పిల్లలున్న ఇళ్లవారు పై లెక్క వారికి చూపించండి. మిగిలిన శాతాలు తగ్గించవలసింది వారే.