గుంబజ్ ఎవరిది?

కోచింగ్ కోసం ఊరి నుంచి అమీర్‌పేటకు వచ్చిన కొత్తల ఓ ఆదివారం నేను, మా ఊరి సాయిబుల పిలగాడు పంజాగుట్ట మీదుంగ బేగంపేట దాకా నడుసుకుంట పోయినం. ఓ కాడ సూదుల్లెక్క మీదికి లేసిన తెల్లటి శిఖరాలు కనవడ్డయి. ‘చర్చి మస్తుందిరా’ అన్న. వాడు నవ్విండు. ‘అది మజీదురా. గుంబజ్ లేకుంటే మజీదు కాదా?’

అది స్పానిష్ మజీదు. నిజాం కాలంల ప్రధానిగ చేసిన పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా మొదలువెట్టిండు. ఫలక్‌నుమా కట్టిచ్చింది గూడ ఆయనే. స్పెయిన్‌ల కార్డోబా మజీదు చూసి మనసు పడ్డడు. ఆయన పోయినంక కొడుకు 1906ల పూర్తి చేయించిండు. లోపల కమాన్లు గుర్రపు నాడా లెక్కుంటయి.

తమాషా ఏందంటే, ముస్లింలు స్పెయిన్‌కు రాకముందే అక్కడి క్రైస్తవులు అసొంటి కమాన్లు కట్టిండ్రు. వచ్చినోళ్లు అవి నేర్చుకొని ఇంకింత సోకు చేసిండ్రు. 1236ల రాజ్యం మారింది, కార్డోబా మజీదు చర్చి అయింది. అంటే అక్కడ మజీదు లెక్క కనవడే చర్చి, ఇక్కడ చర్చి లెక్క కనవడే మజీదు! గుంబజ్ సంగతీ అంతే. ఇస్లాం పుట్టకముందే రోమ్‌ల గుంబజులున్నయి.

గీ ముచ్చట ఇప్పుడెందుకంటరా? 2023ల కొత్త సెక్రటేరియట్ తెరిచేముందు, దాని గుంబజులు నిజాం గుర్తులు, మేమొస్తే కూలగొడ్తమని అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ అన్నడు. నిజామాబాద్ నీలకంఠేశ్వర గుడి, వనపర్తి సంస్థానం కోట చూసి డిజైన్ చేసినమని సర్కారు చెప్పింది. కట్టడం ఒక్కటే, చూసే కండ్లే వేరు.

ఆ కండ్లు రాళ్ల కాడనే ఆగయి. అమీర్‌పేటల మేం రూం కోసం తిరిగినప్పుడు ఓ ఇంటాయన నా పేరడిగి సరే అన్నడు. దోస్తు పేరు విన్నంక ‘రూం లేదు’ అన్నడు. తాళంచెవి ఆయన చేతులనే ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ! మీరు రోజు బస్సుల అడిగే పేర్లే చూడుండ్రి. అమీర్ అరబ్బీ, పేట మనది. పంజా ఫార్సీ, గుట్ట మనది. ఈ పట్నం పేర్లే సగం సగం కలిసి పుట్టినయి. గుంబజ్ చూసో, పేరు వినో మనిషిని లెక్కగట్టేముందు ఒక్కసారి అడిగి తెలుసుకోండ్రి. నేను చర్చి అనుకున్న కాడ మజీదుండె. మా దోస్తు నవ్వి ఊకున్నడు. గుంబజులు కూలగొడ్తమన్న మాట విన్ననాడు మాత్రం వానికి నవ్వు రాలే.