శునకాలకు కన్నీటి చారలు – కారణాలు, నివారణ

బొంగులూరులో నా వద్దకు వైద్యానికి వచ్చే గృహిణులు కొందరు తమ పెంపుడు కుక్కల సంగతి కూడా అడుగుతుంటారు. ఆ మధ్య ఒక తల్లి తెల్లని పమేరియన్‌ను ఎత్తుకొని వచ్చింది. దాని కళ్ళ మూలల నుండి మూతి వరకు తుప్పురంగు చారలున్నాయి. “అయ్యగారూ, మునుపు నా కళ్ళకు మీరు చెప్పిన త్రిఫల జలమే దీనికీ వేస్తున్నాను. చారలు పోవడం లేదు” అన్నది. పరీక్షగా చూస్తే ఎడమ కన్ను సగం మూసుకొని ఉన్నది. వెంటనే పశువైద్యుని వద్దకు పంపాను. రెప్పవెండ్రుకలు లోనికి తిరిగి, కనుగ్రుడ్డును గీరి పుండు చేశాయని అక్కడ తేలింది. నా మాటను ఆమె కుక్కకు అన్వయించుకుంటుందని నేను ఊహించలేదు. అందుకే ఈ వ్యాసం.

చారలు ఎందుకు వస్తాయి?

కుక్కల కన్నీటిలో పోర్ఫిరిన్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. అది వెండ్రుకలపై నిలిచి ఎర్రని గోధుమరంగు చారగా మారుతుంది. లాలాజలంలోనూ ఇది ఉన్నందున తరచు నాకే పాదాలు కూడా ఎర్రబడతాయి.

మామూలుగా కన్నీరు కంటి మూలలోని సన్నని నాళం గుండా ముక్కులోనికి దిగుతుంది. ఆ నాళం పూడినా, వెండ్రుకలు కంటిని గీరినా, పొగ, ధూళి సోకినా నీరు చెంపలపైకి పొర్లుతుంది. సుశ్రుతుడు మానవులకు చెప్పిన 76 నేత్రరోగాలలో రెప్పవెండ్రుకలు లోనికి తిరిగే పక్ష్మకోపం ఒకటి. కారణాన్ని తొలగించకుండా చారను మాత్రమే తుడిస్తే అది మళ్ళీ వస్తుంది.

ఇంట్లో చేయదగినవి

1. కాచి, గోరువెచ్చగా చల్లార్చిన నీటిలో మెత్తని నూలుగుడ్డ తడిపి, రోజుకు రెండుసార్లు కంటి మూల నుండి వెలుపలికి తుడవాలి. ఒక్కొక్క కంటికి వేరు గుడ్డ వాడాలి.
2. తరువాత తడి లేకుండా పొడిగుడ్డతో అద్దాలి.
3. కళ్ళ చుట్టూ పెరిగిన వెండ్రుకలను మొన లేని కత్తెరతో, మరొకరు తలను కదలకుండా పట్టుకొనగా కత్తిరించాలి.
4. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్ పొగలకు దూరంగా ఉంచాలి.

చారపడిన వెండ్రుక సాధారణంగా తిరిగి తెల్లబడదు. కొత్త వెండ్రుకలు పెరిగే వరకు ఓర్పు వహించాలి.

చేయరానివి

నిమ్మరసం, హైడ్రోజన్ పెరాక్సైడు, పసుపు, తేనె కంటి దరికి రానీయరాదు. మనుష్యుల కంటిచుక్కలు వేయరాదు. కొన్నింటిలో ఉండే స్టిరాయిడ్లు పుండును ముదిరింపజేస్తాయి. చారలు పోగొట్టే పొడులను కూడా పశువైద్యుని అడగకుండా తినిపించరాదు. అనుమతి లేకుండా టైలోసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన అటువంటి పొడుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది.

మన పూర్వులు గజాలకు పాలకాప్యుని పేర, అశ్వాలకు శాలిహోత్రుని పేర వేర్వేరు శాస్త్రాలు నిలిపారు. మనిషికి నప్పిన మందు ప్రతి ప్రాణికీ నప్పదని ఇందువల్లనే గ్రహించవచ్చు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ఒక్క కంటి నుండే హఠాత్తుగా నీరు కారడం, కన్ను మూసుకోవడం, ఎరుపు, చీము, మసక, దుర్వాసన – వీటిలో ఏది కనిపించినా అదే రోజు పశువైద్యునికి చూపించాలి. వారు కంటిలో రంగుచుక్క వేస్తారు. అది ముక్కులోనికి దిగితే నాళం తెరచి ఉన్నట్లు. కనుగ్రుడ్డుపై నిలిస్తే పుండు ఉన్నట్లు.

ఆ పమేరియన్ చారలు ఇంకా పూర్తిగా పోలేదు. చూపు మాత్రం దక్కింది.