ఇంట్ల 'వచ్చిండు', బడిలో 'వచ్చాడు': పిల్లలకు రెండూ ఎలా అబ్బుతాయి?

తెలంగాణలోని చెన్నూరులో పిల్లవాడు ఇంట్లో "బాపు ఇంక రాలే" అంటాడు. బడిలో పాఠం అప్పజెప్పేటప్పుడు "నాన్న ఇంకా రాలేదు" అని చదువుతాడు. ఈ రెండు తీర్ల తెలుగుతో వాడు తికమకపడడా అని చాలామంది తల్లిదండ్రుల దిగులు. పడడు. ఎందుకో చూద్దాం.

ఏ మాట ఎవరి నోట, ఎక్కడ వినపడిందో పిల్లలు మాటతోపాటే పట్టుకుంటారు. అవ్వ, బాపు, వాడకట్టు పోరగాళ్లు ఒక తీరు. సారు, పుస్తకం, టీవీ వార్తలు ఇంకో తీరు. "సార్, హోంవర్క్ చేశాను" అన్న పిల్లవాడే పక్కవాడి దిక్కు తిరిగి "నువ్వు జేసినవా?" అని అడుగుతాడు. మధ్యలో ఆగి ఆలోచించడు.

మరి ఇన్ని రూపాలు ఎలా గుర్తుంటాయి? వాటిని విడివిడిగా గుర్తుపెట్టుకోవలసిన పని లేదు. చేసిండు–చేశాడు, వచ్చిండు–వచ్చాడు, రాసిండ్రు–రాశారు: ఇలాంటి జతలు కొన్ని చెవిన పడితే చాలు, లోపల ఒక సూత్రం కుదురుకుంటుంది. దానితో ఇంతకుముందు వినని క్రియను కూడా మార్చగలుగుతారు. ఇక్కడ పెద్దలు తెలుసుకోవలసింది ఒకటుంది. 'చేసిండు' అనేది 'చేశాడు' చెడిపోయి పుట్టిన మాట కాదు. రెండూ 'చేసినాడు' అనే పాత రూపం నుంచి వేర్వేరు దారుల్లో వచ్చినవే.

అసలు చిక్కు రాతలో వస్తుంది. "నిన్న నేను లెక్కలు చేసిన" అనేది ఇంట్లో పూర్తి వాక్యం. పుస్తకంలో 'చేసిన' తర్వాత 'పని' అనో 'లెక్క' అనో ఇంకో మాట రావాలి. పిల్లవాడు తనకు తెలిసిన వ్యాకరణం ప్రకారం సరిగ్గానే రాశాడు. నోట్‌బుక్‌లో మాత్రం ఎర్రగీత పడుతుంది. "ఇంట్ల 'చేసిన' అంటం, పరీక్షల 'చేశాను' అని రాస్తం" అని సారు రెండూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే పిల్లలకు వెంటనే అందుతుంది. "తప్పు" అని ఊరుకుంటే ఏది తప్పో తెలియదు, తన ఇంటి మాటే తప్పేమో అనుకుంటాడు. ఆ తర్వాత క్లాసులో నోరు విప్పడు. నన్ను బాధపెట్టేది ఈ మౌనమే.

ఈ నామోషీ ఎక్కడిది? నిజాం కాలంలో బడి చదువు ఉర్దూలో సాగింది. 1956 తర్వాత పాఠ్యపుస్తకాల్లోకి వచ్చిన తెలుగు ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్నవారిది. సినిమాల్లో మన యాస చాలాకాలం హాస్యగాళ్లకూ రౌడీలకూ పరిమితమైంది. ఇప్పుడు కవి కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం. 2023లో వచ్చిన 'బలగం' సినిమాలో ఇల్లంతా ఈ యాసలోనే ఏడ్చింది, నవ్వింది. చూసిన పిల్లలకు ఆ మాటల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

స్విట్జర్లాండ్‌లో జర్మన్ మాట్లాడే ప్రాంతాల పిల్లలదీ ఇదే స్థితి: ఇంట్లో స్విస్ జర్మన్, బడిలో ప్రామాణిక జర్మన్. భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ఒకే సమాజంలో నడిచే ఇలాంటి రెండు భాషారూపాల గురించి రాసినప్పుడు దాన్ని ఒక ఉదాహరణగా తీసుకున్నాడు. తేడా ఏమిటంటే అక్కడ డాక్టరూ ప్రొఫెసరూ కూడా ఇంటా బయటా యాసలోనే మాట్లాడతారు. కిండర్‌గార్టెన్లో యాసే వాడాలని 2011లో జ్యూరిచ్ కాంటన్ ప్రజలు ఓటేసి నిర్ణయించారు. ప్రామాణిక జర్మన్ తర్వాత బడి నేర్పుతుంది.

అయితే ఇంట్లో మేమే పుస్తక భాష మాట్లాడితే మేలు కాదా? కాదనే నా అభిప్రాయం. అలవాటు లేని తీరులో మాట్లాడే తల్లి తక్కువ మాట్లాడుతుంది. కైకిలి ముచ్చట, గటక వండే తీరు, పక్కింటి లొల్లి, ఇవన్నీ ఆమె యాసలోనే ధారగా వస్తాయి. పిల్లలకు కావలసింది ఆ ధారే. బడి తెలుగు కోసం రోజూ ఒక కథ పుస్తకంలోంచి గట్టిగా చదివి వినిపించండి. తర్వాత ఆ కథనే అవ్వకు తన మాటల్లో చెప్పమనండి. "రాజు వచ్చాడు" అని విన్నది "రాజొచ్చిండు" అని చెప్తాడు. అప్పుడు దిద్దకండి.