కుందేళ్ళ బోను – ట్రేలో ఏమి పరచాలి?

కుందేలును పెంచాలని సరదాపడని పిల్లలు అరుదు. తెల్లని బొచ్చు, పొడుగాటి చెవులు, క్షణం ఊరుకోకుండా ఆడే ముక్కు చూసి ముచ్చటపడి కొని తెచ్చుకుంటారు. దానికి ఏమి పెట్టాలో నలుగురూ చెబుతారు. బోను అడుగున వుండే ట్రే సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే కుందేలు ఆరోగ్యం సగం ఆ ట్రేలోనే వుంది.

మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను. మాది చీరాల. రెండేళ్ళ కిందట మా మనుమరాలు రెండు కుందేలు పిల్లలను తెచ్చుకున్నది. వరండాలో బోను పెట్టి, కింద రేకు ట్రే అమర్చి, అందులో వరి ఊక పోశాము. మా వైపు రైసుమిల్లులకు కొదవ లేదు గనక ఊక సులువుగా దొరుకుతుంది. వారం తిరగకముందే ఘాటైన వాసన మొదలయింది. వాసనకు సున్నం విరుగుడని నేను గుప్పెడు సున్నం తెచ్చి ఆ తడి ఊక మీద చల్లాను. వాసన తగ్గలేదు సరికదా, పెరిగింది. ఇంకాస్త చల్లాను. ఇంట్లో వాళ్ళు వద్దన్నా వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషికీ నాకూ ఆనాడు పెద్ద తేడా లేదు.

ఒకరోజు మనుమరాలు బంతి కోసం బోను పక్కన బోర్లా పడుకుని చెయ్యి చాచింది. చటుక్కున లేచి, "తాతయ్యా, అక్కడ కళ్ళు మండుతున్నాయి!" అన్నది.

నేను నిలబడి వాసన చూశాను. కుందేళ్ళు ఆ ట్రేకు జానెడు ఎత్తులో రాత్రింబగళ్ళు వుంటున్నాయి. అప్పటికే రెండూ తుమ్ముతున్నాయి. ముక్కు తుడుచుకుని తుడుచుకుని ముందుకాళ్ళ లోపలి బొచ్చు తడిసి అట్టకట్టింది. పశువుల డాక్టరుగారు చూసి, ఈ జబ్బు కలిగించే సూక్ష్మజీవి చాలా కుందేళ్ళ ముక్కులో వూరికే వుంటుందనీ, ఘాటు గాలి ముక్కు లోపలి పొరను పాడుచేస్తే అది విజృంభిస్తుందనీ చెప్పి మందు ఇచ్చారు. పెద్దది కోలుకుంది. చిన్నది నాలుగోరోజు తెల్లవారేసరికి చచ్చిపోయింది.

ఇన్నేళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన నేను చేసిన పొరపాటు ఏమిటో వినండి. మూత్రంలో యూరియా అనే పదార్థం వుంటుంది. తడిలో పెరిగే సూక్ష్మజీవులు ఆ యూరియాను విడగొట్టి అమ్మోనియా వాయువును పుట్టిస్తాయి. కళ్ళు మండించేది అదే. తడీ వేడీ వుంటే ఈ పని చురుకుగా సాగుతుంది. వాడరేవు సముద్రం మాకు దగ్గర. ఆ తేమగాలికి వానాకాలంలో ఆరేసిన బట్టలే ఆరవు, ఇక ట్రే ఏం ఆరుతుంది?

పూర్వం ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు నవాసారం చల్లితే ఘాటైన తెల్లని పొగ లేచేది. మీ అమ్మమ్మల నడిగితే చెబుతారు. ఆ నవాసారాన్ని సున్నంతో కలిపి వేడిచేసే, జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు అమ్మోనియా వాయువును విడిగా పట్టాడు. అంటే, అమ్మోనియాను బయటికి తరిమేది సున్నమే! ఆ ప్రయోగాన్ని నేను తరగతిలో ఎన్నోసార్లు చేసి చూపించాను. మళ్ళీ నా చేతులతోనే దాన్ని కుందేళ్ళ కింద చేశాను. కట్టెల బూడిద కూడా సున్నం వంటి క్షారమే, కనక అదీ చల్లకూడదు. అమ్మోనియాను పట్టి వుంచేది ఆమ్లం, అంటే వెనిగరు వంటిది.

మరి ట్రేలో ఏమి పరచాలి? మీరే పరీక్ష చేసి తెలుసుకోవచ్చు. నాలుగు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో వరి ఊక, ఒకదానిలో ఇసుక, ఒకదానిలో బెత్తెడు ముక్కలుగా నరికిన వరిగడ్డి, ఒకదానిలో చింపిన వార్తాపత్రిక సమానమైన ఎత్తుకు నింపండి. అన్నిటిలోనూ ఒకే కొలత నీళ్ళు పొయ్యండి. పది నిమిషాలాగి టీ వడపోతలో వంచండి. ఇసుకా ఊకా చాలామటుకు నీళ్ళను వదిలేస్తాయి. ఊక పైపొరలో ఇసుకలో వుండే సిలికా, మైనం వంటి పదార్థమూ వున్నాయి. ధాన్యాన్ని వాన నుంచి కాపాడే ఆ కవచమే ట్రేలో మనకు అడ్డు. తడి దాని కిందికి జారి అక్కడే కుళ్ళుతుంది. కాగితం నీటిని బాగా పీలుస్తుంది. గడ్డి అంత పీల్చదు గాని పైన పొడిగా వుంటుంది. అందుకని మేము ఇప్పుడు అడుగున నాలుగైదు మడతల కాగితం, దాని మీద గడ్డి పరుస్తున్నాము. గడ్డి బూజు పట్టినదీ, పురుగుమందు కొట్టినదీ కాకూడదు. కుందేలు దాన్ని తప్పక కొరుకుతుంది.

రంపపు పొట్టు బాగానే పీలుస్తుంది. కాని దాని నుసి ముక్కులోకి పోతుంది. దేవదారు వంటి వాసన కలప పొట్టు అసలే వద్దు. పిల్లుల కోసం దుకాణంలో అమ్మే, తడి తగలగానే ముద్దకట్టే మట్టి కడుపులోకి పోతే అక్కడా ముద్దకడుతుంది. మా వూళ్ళో మగ్గాలున్న ఇళ్ళవాళ్ళకు మరొక మాట. నూలు చిక్కులు మెత్తగా వున్నాయి గదా అని పరచకండి. పోగు కాలికి చుట్టుకుంటే బిగిసి రక్తం ఆగిపోతుంది. మింగితే పేగులో అడ్డుపడుతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. పొగాకు కాడలూ పొడీ దగ్గరకు రానియ్యకండి, వాటిలోని నికోటిన్ విషం.

ఇక శుభ్రం చెయ్యటం. కుందేలు ఒక మూల ఎంచుకుని అక్కడే మూత్రం పోస్తుంది. రోజూ బడికి పోయే ముందు ఆ మూలలోని తడి గడ్డీ కాగితమూ తీసి కొత్తవి వెయ్యాలి. పది నిమిషాల పని. గుర్తు కోసం నాలుగు పెంటికలు అక్కడే వదిలితే అది చోటు మరచిపోదు. వారానికొకసారి ట్రే మొత్తం ఖాళీచేసి కడగాలి. అప్పుడు అడుగున తెల్లని గార కనబడుతుంది. కుందేలు ఆహారంలో ఎక్కువైన కాల్షియం చాలావరకు మూత్రంతోనే పోతుంది. అదే ఎండి సుద్దలా అంటుకుంటుంది. దాని మీద వెనిగరు పోస్తే బుసబుసమని బుడగలు వస్తాయి. సముద్రపు వొడ్డున ఏరిన గవ్వ మీద పోసినా అంతే, రెండూ ఒకే సున్నపురాయి పదార్థం. సగం వెనిగరు, సగం నీళ్ళు కలిపి పావుగంట నానబెట్టి, తోమి, మంచినీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. చింతపండు పులుసైనా పనిచేస్తుంది. రేకు ట్రే అయితే ఎక్కువసేపు నానబెడితే పూత పోతుంది. ప్లాస్టిక్ ట్రే మేలు. రెండు ట్రేలుంటే ఒకటి ఆరేలోగా రెండవది వాడవచ్చు. బ్లీచింగు పొడి మాత్రం మూత్రపు తడి మీద చల్లకండి. అమ్మోనియాతో కలిసి విషవాయువులు పుడతాయి. ఆ పొడిని వెనిగరుతో కలిపినా ప్రమాదమే.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ పని పనిమనిషికి అప్పగించకండి. పిల్లల చేతనే చేయించి, తరువాత సబ్బుతో చేతులు కడిగించండి. ఎందుకంటే కుందేలు నొప్పి అని అరవదు, మూలగదు. దాని జబ్బు మొదట తెలిసేది ట్రేలోనే. గుండ్రంగా, పొడిగా, రోజూ ఒకే పరిమాణంలో పెంటికలుంటే సుఖంగా వున్నట్టు. మెత్తని, జిగురు పెంటికల గుత్తులు మరొక రకం. కుందేలు వాటిని పుట్టగానే తిరిగి తినేస్తుంది. అసహ్యపడకండి, దానికి అదే రెండో భోజనం. అవి ట్రేలో తరచు మిగిలిపోతుంటే తవుడూ పండ్లూ తగ్గించి గడ్డి ఎక్కువ పెట్టాలి. మూత్రం ఒక్కొక్కసారి ఆకుల్లోని రంగుల వల్ల ఎర్రగా వస్తుంది, దానికి బెదరవద్దు. రెండు మూడు రోజులైనా రంగు మారకపోయినా, నెత్తురు చారలు కనబడినా డాక్టరుగారికి చూపించండి. పెంటికలు చిన్నవై, తగ్గి, ఒక పూటంతా అసలే లేకపోతే, మేత కూడా ముట్టకపోతే, రేపు చూద్దామనుకోవద్దు. ఆనాడే పశువుల ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మా మనుమరాలు మూడు నెలల కిందట ఇలాగే పొద్దున ట్రే తీసి, "తాతయ్యా, ఇవాళ పదకొండే వున్నాయి" అన్నది. ఆ రోజు బడికి ఆలస్యమయింది. కుందేలు బతికింది.

తీసిన గడ్డీ పెంటికలూ పారవెయ్యకండి. మేక పెంటికల్లాగే ఇవీ మంచి ఎరువు. మేము కరివేపాకు చెట్టు మొదట్లో వేస్తున్నాము.